మూడో సూత్రం ఎవరిది?

ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళు కణ సిద్ధాంతాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు. జీవుల దేహాలన్నీ కణాలతోనూ, ఆ కణాలు తయారుచేసిన పదార్థాలతోనూ ఏర్పడ్డాయి. నిర్మాణంలోనూ, పనిలోనూ జీవికి మూల ప్రమాణం కణమే. కొత్త కణం పుట్టాలంటే అంతకుముందే ఒక కణం ఉండి తీరాలి. మొదటి రెండు సూత్రాలకు ష్లైడెన్, ష్వాన్ పేర్లు రాస్తాం. మూడోదానికి విర్కో, 1855 అని రాస్తాం. కోనసీమలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పినన్నాళ్ళూ నా చేతిలో ఉన్న పుస్తకం కూడా ఇదే చెప్పింది. ఆ మూడో సూత్రం పక్కన పేరు సరిగ్గా లేదన్నది నా అభ్యంతరం. ఇది పేరు కోసం పేచీ మాత్రమే అయితే ఇంతగా చెప్పను. కణాలున్నాయని చూడటం ఈ చరిత్రలో సులువైన భాగం. అవి ఎక్కణ్ణుంచి వస్తాయన్నదే పెద్ద చిక్కు. మనిషి తొలిసారి కణాన్ని చూసిన నాటి నుంచి ఆ చిక్కు విడేసరికి 187 ఏళ్ళు పట్టింది.

1665లో లండన్‌లో 'మైక్రోగ్రాఫియా' వెలువడేనాటికి రాబర్ట్ హుక్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. రాయల్ సొసైటీ సభ్యుల ముందు ప్రయోగాలు చేసి చూపించడం ఆయన ఉద్యోగం. బెండు ఎందుకంత తేలిగ్గా ఉంటుంది, నొక్కితే అణిగి మళ్ళీ ఎందుకు లేస్తుంది, నీళ్ళు ఎందుకు పీల్చుకోదు అన్నవి ఆయన ప్రశ్నలు. కలం చెక్కే చాకును మంగలికత్తి పదునుకు నూరి, మంచి బెండు ముక్కను నున్నగా కోశాడు. కోసిన ముఖాన్ని మైక్రోస్కోపు కింద పెడితే రంధ్రాలున్నట్టే అనిపించింది కానీ స్పష్టంగా తేలలేదు. అప్పుడు అదే చాకుతో అతి పలుచని పొర ఒకటి తీశాడు. బెండు తెల్లగా ఉంటుంది గనక ఆ పొరను నల్లని పలక మీద పరిచాడు. ఉబ్బెత్తు కటకంతో దాని మీదికి వెలుగు మళ్ళించాడు. తేనెపట్టును పోలిన గదులు కనిపించాయి, అంత క్రమంగా మాత్రం లేవు. వాటిని 'సెల్స్' అన్నాడు.

ప్రాక్టికల్స్‌లో బ్లేడుతో సెక్షన్లు కోసిన వాళ్ళకు తెలుస్తుంది ఆ పొర తియ్యడం ఎంత కష్టమో. అయితే నాకు హుక్ మీద గౌరవం పెంచింది ఆయన తర్వాత చేసిన పని. కూర్చుని లెక్కబెట్టాడు. అంగుళంలో పద్దెనిమిదో వంతు పొడవులో సుమారు అరవై గదులు తేలాయి. అంటే అంగుళానికి 1,080. చదరపు అంగుళానికి 11,66,400. ఘనపు అంగుళానికి 1,25,97,12,000. సీసా మూతంత బెండులో నూట పాతిక కోట్ల గదులుంటాయంటే నమ్మడం కష్టమని ఆయనకూ తెలుసు. మైక్రోస్కోపు కళ్ళారా చూపించబట్టే నమ్మకం కుదురుతోందని ఒప్పుకున్నాడు. లండన్ వాసి శామ్యూల్ పెపిస్ రాత్రి రెండింటిదాకా మేలుకుని ఈ పుస్తకం చదివినట్టు తన డైరీలో రాసుకున్నాడు.

బెండు కణాలు చచ్చినవి, అందులో మిగిలేవి గోడలే. పచ్చి మొక్కల్లో రసం నిండిన గదుల్ని కూడా హుక్ చూశాడు. ఆ రసంలోనే జీవం ఉందన్న ఊహ ఆయనకు రాలేదు. ఆ కాలానికి రావడానికి ఆధారమూ లేదు.

ఏ గోడలూ లేకుండా స్వేచ్ఛగా ఈదే కణాల్ని చూసినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు ఆంటొనీ ఫాన్ లీవెన్‌హుక్. మిరియం నాలుకను ఎందుకు మండిస్తుందో తెలుసుకుందామని 1676లో ఆయన మిరియాలను నీళ్ళలో నానబెట్టాడు. కొన్నాళ్ళకు ఆ నీటి చుక్కను తాను స్వయంగా అరగదీసిన చిన్న కటకంలోంచి చూస్తే, లెక్కకందనన్ని జీవులు కదులుతున్నాయి. అక్టోబరులో రాయల్ సొసైటీకి సుదీర్ఘమైన లేఖ రాశాడు. అక్కడివాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు. మరుసటి ఏడాది నవంబరులో అదే మిరియాల నీళ్ళను లండన్‌లో తయారుచేసి, ఆ జీవుల్ని సభ్యులందరికీ చూపించి, లీవెన్‌హుక్ మాట నిజమని తేల్చినవాడు మళ్ళీ హుక్కే. మిరియాల నీళ్ళలో లీవెన్‌హుక్ చూసినప్పుడే బాక్టీరియా తొలిసారి మనిషి కంటపడింది. వాటికీ బెండులోని గదులకూ సంబంధం ఉందని మాత్రం అప్పుడెవరికీ తట్టలేదు.

తర్వాతి నూట యాభై ఏళ్ళు త్వరగా దాటేయవచ్చు. గ్రూ, మాల్పీగీ మొక్కల లోపలి నిర్మాణాన్ని అద్భుతంగా బొమ్మలు గీశారు. కానీ రెండు మూడు కటకాలు కలిపిన మైక్రోస్కోపుల్లో ప్రతి వస్తువు చుట్టూ రంగుల అంచు కట్టేది. సన్నని వివరాలు అందులో కలిసిపోయేవి. ఆ అంచును వదిలించే కటకాల అమరికను 1830లో లెక్కగట్టి చెప్పినవాడు లండన్‌లో ద్రాక్షసారా వ్యాపారి జోసెఫ్ జాక్సన్ లిస్టర్. ఆపరేషన్ గదుల్లోకి క్రిమిసంహారక పద్ధతిని తెచ్చిన లిస్టర్‌కు ఈయన తండ్రి. ఆ మరుసటి ఏడాదే రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక్కొక్క గుండ్రని మచ్చ ఉంటుందని గుర్తించి, దానికి కేంద్రకమని పేరు పెట్టాడు. అసలు కథ ఇక్కడ మళ్ళీ ఊపందుకుంటుంది, బెర్లిన్‌లో.

మథియాస్ ష్లైడెన్ హాంబర్గ్‌లో లాయరు. ప్రాక్టీసు సాగక, మనసు చెదిరి, తుపాకీతో కాల్చుకుని బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత వృక్షశాస్త్రానికి వచ్చాడు. థియొడోర్ ష్వాన్ శరీరశాస్త్రజ్ఞుడు యొహానెస్ ముల్లర్ దగ్గర సహాయకుడు. జీర్ణరసంలోని పెప్సిన్‌ను అప్పటికే కనుగొన్నవాడు. 1837లో ఒక రోజు ఇద్దరూ కలిసి భోంచేస్తున్నారు. మొక్క కణం పుట్టడంలో కేంద్రకానిదే ముఖ్యమైన పాత్ర అని ష్లైడెన్ చెబుతున్నాడు. అలాంటి మచ్చల్నే తోకకప్ప పృష్ఠవంశంలో చూసినట్టు ష్వాన్‌కు గుర్తొచ్చింది. ఇద్దరూ అప్పటికప్పుడు ప్రయోగశాలకు వెళ్ళారు. చూడగానే ష్లైడెన్ పోలిక గుర్తుపట్టాడు. ష్వాన్ ముసలితనంలో ఈ సంగతి తానే చెప్పుకున్నాడు.

1838లో ష్లైడెన్ వ్యాసం వచ్చింది, 1839లో ష్వాన్ పుస్తకం. ష్వాన్ పుస్తకం గొప్పది, అందులో సందేహం లేదు. ఈక, గిట్ట, పన్ను, మృదులాస్థి, కండరం, నరం, అండం ఒక్కొక్కటే తీసుకుని, వేర్వేరుగా కనిపించే ఇవన్నీ కణాల నుంచి తయారైనవేనని చూపించాడు. గడ్డిపరకకూ ఏనుగుకూ నిర్మాణ సూత్రం ఒకటేనని మనిషికి తెలిసింది ఆ పుస్తకంతోనే. మొదటి రెండు సూత్రాలకు ఆ ఇద్దరి పేర్లు ఉండటం న్యాయమే.

కణం పుట్టుక దగ్గర ఇద్దరూ దారి తప్పారు. ఉప్పునీళ్ళలో స్ఫటికం కట్టినట్టుగా, జీవద్రవంలో ముందు చిన్న రేణువులు పేరుకుంటాయనీ, అవి కేంద్రకమవుతాయనీ, దాని చుట్టూ కణం పెరుగుతుందనీ వాళ్ళ సిద్ధాంతం. ష్లైడెన్ ప్రకారం ఇది పాత కణం లోపల జరుగుతుంది. ష్వాన్ ప్రకారం జంతువుల్లో కణాల బయట ఉండే ద్రవంలోనే ఎక్కువగా జరుగుతుంది. ఏ కణమూ విడిపోనక్కర్లేదు, ద్రవముంటే చాలు.

ష్లైడెన్ లాంటివాడికి ఇంత పొరపాటు ఎలా జరిగింది? దీనికి కోనసీమవాళ్ళు సులభంగా అర్థం చేసుకోగల కారణం ఒకటుంది. ఆయన ప్రధానంగా పరిశీలించింది పువ్వులోని పిండకోశాన్ని, అంటే గింజకు ఆహారం తయారయ్యే చోటును. ఆయన బొమ్మలు గీసిన మొక్కల్లో కమీడోరియా ఒకటి. మెక్సికో నుంచి వచ్చిన ఈ చిన్న మొక్క మన కొబ్బరి కుటుంబానిదే. ఈ కణజాలం పెరిగే తీరు వేరు. ముందు కేంద్రకాలు ఒకటి రెండై, రెండు నాలుగై ద్రవంలో తేలుతుంటాయి. వాటి మధ్య గోడలు ఆ తర్వాతే లేస్తాయి. లేత బోండాంలోని నీళ్ళు ఆ మొదటి దశ. కేంద్రకాలు విడివిడిగా తేలే ద్రవం అది. గోడలు కట్టుకున్నాక అదే కొబ్బరవుతుంది. రంగులద్దే పద్ధతులు లేని రోజుల్లో ఆ కేంద్రకాలు విడిపోవడం ష్లైడెన్ కంటపడలేదు. ద్రవంలో కేంద్రకం, తర్వాత దాని చుట్టూ గోడ, ఇంతవరకే కనిపించింది. చూసింది నిజమే. మొక్కలన్నిటికీ అదే నియమమనడం తప్పు.

కణం రెండుగా చీలడాన్ని అప్పటికే చూసినవాళ్ళున్నారు. బెల్జియంలో డ్యూమోర్టియే 1832లో నీటి నాచులో అది గమనించాడు. జర్మనీలో ఫాన్ మోల్ 1835లో మరింత వివరంగా వర్ణించాడు. అయితే అది నాచు మొక్కల ప్రత్యేకత కాబోలు అనుకున్నారు. ష్లైడెన్ గొంతు పెద్దది. తనతో విభేదించిన వాళ్ళను కటువుగా తిట్టిపోసే మనిషి. ఆయన సిద్ధాంతం పదేళ్ళకు పైగా రాజ్యమేలింది.

ఇక రాబర్ట్ రేమాక్ సంగతి. 1815లో ఇప్పటి పోలండ్‌లోని పోజ్నాన్‌లో, యూదు కుటుంబంలో పుట్టాడు. బెర్లిన్‌లో ముల్లర్ దగ్గరే, ష్వాన్ ఉన్న ప్రయోగశాలలోనే పని నేర్చుకున్నాడు. ఇరవై మూడేళ్ళు నిండేసరికి నరాల నిర్మాణం మీద ఆయన రాసినది యూరప్ అంతా చదివింది. అయినా ప్రష్యా రాజ్యంలో యూదుడు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి వీల్లేదు. బాప్టిజం తీసుకుంటే ఆ తలుపు తెరుచుకునేది, చాలామంది తీసుకున్నారు కూడా. రేమాక్ తీసుకోలేదు. ప్రైవేటుగా వైద్యం చేసుకుంటూ, జీతం లేకుండానే పరిశోధన సాగించాడు. రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. ఫలించలేదు. చివరికి అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ వంటి పెద్దలు కల్పించుకుంటే 1847లో బోధించే అనుమతి దొరికింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన తొలి యూదుడు ఆయనే.

1841లోనే రేమాక్ కోడి పిండం రక్తంలో ఎర్రకణాలు రెండుగా చీలుతుండటం చూశాడు. అంతమాత్రాన నియమం ప్రకటించలేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఈ నిదానం. ష్లైడెన్ ఒక కణజాలాన్ని చూసి మొక్కలన్నిటికీ నియమం చెప్పాడు. రేమాక్ పదకొండేళ్ళు ఆగాడు. కోడి పిండం నుంచి కప్ప గుడ్డుకు వెళ్ళాడు. కప్ప గుడ్డు రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలుగా చీలుతుందని అంతకుముందే తెలుసు. ఆ ముక్కలు నిజంగా కణాలేనా, ఒక్కోదానికీ సొంత పొర ఉందా అన్నది సందేహం. గుడ్డును గట్టిపరిచే ద్రావణాలు వాడి, పొర చెదరకుండా నిలిపి, తల్లి కణం పొరే లోపలికి మడత పడి రెండు పిల్ల కణాలను వేరు చేస్తోందని చూపించాడు. ఆ గుడ్డు నుంచి పెరిగే కండరం, నరం, చర్మం దాకా ఈ చీలికను ఎక్కడా తెగకుండా వెంబడించాడు. 1852లో రాశాడు: జంతు కణాలు ద్రవంలో తమంతట తామే పుడతాయనడం, జీవులు నిర్జీవ పదార్థం నుంచి పుడతాయనడమంత నమ్మశక్యం కాని మాట. రోగగ్రస్తమైన కణజాలాలకూ ఇదే వర్తిస్తుందని, కణితులు కూడా మామూలు కణాల సంతతేనని ముందుకెళ్ళాడు. పాశ్చర్ హంసమెడ సీసాలతో సూక్ష్మజీవుల విషయంలో ఇదే సత్యాన్ని నిరూపించడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది.

రుడాల్ఫ్ విర్కో గొప్ప వైద్యుడు. 1848లో సైలీషియాలో జ్వరంతో చచ్చిపోతున్న పేదల్ని చూసి, వాళ్ళకు కావలసింది మందుకంటే ముందు స్వేచ్ఛ, చదువు, తిండి అని ప్రభుత్వానికి నివేదిక రాసిన మనిషి. ఆయన మొదట్లో ద్రవం నుంచి కణం పుడుతుందనే నమ్మాడు. తర్వాత రేమాక్ దారికి వచ్చాడు. 1855లో తన పత్రికలో, ప్రతి కణమూ మరో కణం నుంచేనని లాటిన్‌లో ఒక వాక్యంగా రాశాడు. వినగానే నోట నిలిచిపోయే వాక్యం. ఆ వ్యాసంలో రేమాక్ పేరు లేదు. 1858లో బెర్లిన్‌లో డాక్టర్లకిచ్చిన ఇరవై ఉపన్యాసాలు పుస్తకమై దేశదేశాలకూ వెళ్ళాక ఆ సూత్రం విర్కోదిగా స్థిరపడిపోయింది. రోగం మొదలయ్యేది కణంలోనేనని వైద్యానికి నేర్పిన ఘనత విర్కోదే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ సాక్ష్యం సేకరించినవాడు వేరు. ఆ వాక్యం వెనక ఉన్న కోడి పిండాలూ కప్ప గుడ్లూ రేమాక్‌వి. 1859లో రేమాక్‌కు సహాయ ఆచార్యుడి హోదా ఇచ్చారు. పూర్తి ఆచార్య పదవి ఎన్నడూ రాలేదు. 1865లో, యాభై ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన పేరే పెట్టుకున్న మనవడు రాబర్ట్ రేమాక్ గణితజ్ఞుడు. 1942లో ఆష్విట్జ్‌లో చంపబడ్డాడు.

రేమాక్ అంత కష్టపడి చూసినదాన్ని ఇవాళ పదహారేళ్ళ పిల్లలు ఒక పీరియడ్‌లో చూస్తారు. పొట్టి సీసా నిండా నీళ్ళు పోసి, మూతి మీద ఉల్లిపాయను అడుగు నీటికి తగిలేలా కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లని వేళ్ళు దిగుతాయి. వాటి కొసలను పొద్దున్నే కత్తిరించి ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన దాంట్లో వేసి ఉంచాలి. తర్వాత పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వెచ్చబెట్టి, ఒక్క కొసను గాజు పలక మీదికి తీసి, ఎసిటోకార్మిన్ చుక్క వేసి, కవర్ స్లిప్ మూసి, బ్లాటింగ్ కాగితం పరిచి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, స్లైడు పోయినట్టే. సరిగ్గా నొక్కితే కణాలు ఒకే పొరగా పరుచుకుంటాయి. చాలా కణాల్లో కేంద్రకం నిండుగా, ఎర్రగా ఉంటుంది. కొన్నిటిలో అది మాయమై దారపు పోగుల్లాంటి క్రోమోసోములు కనిపిస్తాయి. మరికొన్నిటిలో అవి నడిమికి చేరి బారులు తీరి ఉంటాయి. ఇంకొన్నిటిలో రెండు జట్లుగా చెరో కొసకూ లాగబడి ఉంటాయి. ఉల్లిలో మొత్తం పదహారు. రంగులద్ది సాలమాండర్ పిల్లల కణాల్లో ఈ దశలన్నీ వరసగా చూసి, 1882లో పుస్తకంగా వేసినవాడు వాల్టర్ ఫ్లెమింగ్. కేంద్రకం మధ్యలో ఒకసారి కంటికి కనిపించకుండా పోతుంది గనకే, పాతవాళ్ళు అది కరిగిపోయి కొత్తది పుడుతోందనుకున్నారు. ఒక్క కణంలోనూ అది ద్రవం నుంచి పుట్టడం ఎవరూ చూడలేదు.

సిద్ధాంతం అక్కడితో ఆగలేదు. జంతు కణాలకు గోడ ఉండదు గనక, కేంద్రకమున్న జీవద్రవ్యపు ముద్దే కణమని 1861లో మాక్స్ షుల్ట్స్ నిర్వచనం మార్చాడు. మెదడు మాత్రం ఈ నియమానికి లోబడదని, నరాలన్నీ కలిసిపోయిన ఒకే వల అని గోల్జీ వాదించాడు. గోల్జీ కనిపెట్టిన రంగుతోనే, నరకణాలు దేనికది విడిగా ఉంటాయని కహాల్ చూపించాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. వేదిక మీద కూడా గోల్జీ తన వాదం వదల్లేదు. వైరస్‌లు కణాలు కావు. అయితే అవి కూడా పెరగాలంటే ఏదో ఒక కణంలోకి చొరబడాల్సిందే.

ఈ సూత్రం మనవాడి చేతిలో మందుగా మారిన సంగతి చెప్పి ముగిస్తాను. తెల్లకణాలు హద్దు లేకుండా పెరిగే రక్తజబ్బును 1845లో వర్ణించి, తర్వాత దానికి లుకేమియా అని పేరు పెట్టినవాడు విర్కోనే. వందేళ్ళ పాటు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు డాక్టర్లు చెయ్యగలిగిందేమీ లేకపోయింది. కణాలు కణాల నుంచే వస్తాయంటే, చీలిక ఆపగలిగితే జబ్బు పెరుగుదలా ఆగాలి. చీలే ముందు కణం తన డీఎన్ఏను రెట్టింపు చేసుకోవాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని చోటు ఆక్రమించి పని చెడగొట్టే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా పిల్లలకిచ్చాడు. పదహారు మందిలో పది మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితం అచ్చయింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ మన కాన్సర్ ఆసుపత్రుల్లో పిల్లలకు వాడుతున్నారు.

సైన్సు చెప్పే మాస్టార్లకు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళకు నాదొక మనవి. విర్కో పేరు తీసెయ్యమనడం లేదు. మూడో సూత్రం దగ్గర, ఆయన పేరుకు ముందు, రాబర్ట్ రేమాక్, 1852 అని చేర్చండి. ఒక్క పంక్తి చాలు.